నల్ల తెరకు భయపడకమ్మా!

(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళకు రేడియో పెట్టుకునే అక్కయ్యలతో, చెల్లెళ్ళతో ఇన్నాళ్ళూ ఊరగాయల గురించీ, పొదుపు గురించీ, పసిపిల్లల జబ్బుల గురించీ మాట్లాడుతూ వచ్చాను. ఈవేళ నేనెంచుకున్న విషయం వింటే "ఈవిడకేమైనా మతి పోయిందా?" అనుకుంటారేమో! ఈవేళ యూనిక్సు గురించి నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను.

అదేదో కొత్తరకం బట్టల సబ్బు కాదండీ. కంప్యూటరు చదువుకు కాలేజీలో చేరిన మన పిల్లలు ఒకనాడు తప్పకుండా ఎదుర్కొనే పాఠం. "అది వాళ్ళ చదువు, మనకెందుకు?" అంటారా? రెండేళ్ళ క్రితం దాకా నేనూ అలాగే అనుకున్నాను. ఒక శనివారం సాయంత్రం మా అమ్మాయి అనంతపురం బస్సు దిగి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గడపమీద కూలబడి, "నాకీ చదువు వద్దు మా. నేను మానేస్తా" అని ఏడ్చేదాకా!

మాది గుంతకల్లు. రైలు మారడానికి మా ఊళ్ళో దిగినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. మావారు రైల్వేలో చిన్న ఉద్యోగి. అమ్మాయి పదోతరగతి దాకా గవర్నమెంటు బడిలో తెలుగు మీడియంలోనే చదివింది. ఇంజనీరింగులో కంప్యూటర్ల సీటు వచ్చిందంటే కాసాపురం ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించి, వీధంతా ఓళిగలు పంచాను. నా సంగతంటారా, పదోతరగతి పాసైన ఏడాదే పెళ్ళయింది. మా నాన్న తెచ్చిన ఇంటర్ అప్లికేషను ఫారం తెచ్చినట్టే బీరువాలో ఉండిపోయింది. అంచేత "మానేస్తా" అన్న మాట నా చెవిలో పడగానే గుండె ఝల్లుమంది.

నీళ్ళు తాగించి, ఉగ్గాని పెట్టి, మెల్లిగా అడిగాను. "ల్యాబులో మౌసుతో పనే లేదు మా. బొమ్మలు లేవు. నల్లటి తెర, దానిమీద ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటా ఉంటుంది. ఏం చెయ్యాలో అది చెప్పదు, మనమే చెప్పాల" అంది. తన రహస్యపు మాట, అదే పాస్‌వర్డు, కొడుతుంటే తెరమీద ఒక్క అక్షరమూ పడలేదట. కీబోర్డు చెడిపోయిందనుకుని పక్క మిషనుకు మారిందట. అక్కడా అంతే! పక్కవాళ్ళు చూసి రాకూడదని అది కావాలనే ఏమీ చూపించదని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. అంతలో "వీ ఐ" అనే రాతపలకలోకి వెళ్ళింది. లోపలికి వెళ్ళడం తెలిసింది గాని బయటికి రావడం తెలియలేదు. అభిమన్యుడి కథే! గంట కొట్టేశారు, అందరూ వెళ్ళిపోయారు. చివరికెవరో వచ్చి స్విచ్చి తీసేస్తే రాసిందంతా పోయింది. వెనక బెంచీలోంచి ఎవరో "తెలుగు మీడియం" అని నవ్వారట. ఇదీ జరిగింది.

నాకు యూనిక్సు తెలీదు. కాని ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడానికి ఒక ఉపాయం తెలుసు. "నాకు చెప్పవే అదేమిటో. నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాను. ఆ వేళ మేమిద్దరం చాటలో శెనక్కాయలు వొలుస్తూ కూచున్నాం. చెబుతూ చెబుతూ అదే ఒక కాయను పట్టుకుని ఆగిపోయింది. "ఇదిగో మా, ఇదే! లోపలిది కెర్నెల్, అంటే గింజ. పైది షెల్, అంటే పొట్టు" అంది.

నిజంగానే వాటి పేర్లవేనండీ! కంప్యూటరు గుండెకాయలాంటి పనులన్నీ, ఎవరికెంత జాగా ఇవ్వాలి, ఎవరి పని ముందు జరగాలి, డిస్కులో ఏది ఎక్కడ దాచాలి అనేవన్నీ, చూసుకునే భాగం గింజ. మనం నేరుగా దానితో మాట్లాడం. మనం కొట్టిన మాటను అందుకుని గింజకు చేరవేసే భాగం పొట్టు. ఆ నల్ల తెరమీద మిణుకుమనేది ఆ పొట్టే. "చెప్పండమ్మా, ఏం కావాలి?" అని నిలబడిన మనిషన్నమాట. మన అనంతపురం జిల్లాలో పుట్టిన పిల్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏం కావాలి!

ఇక దీని పుట్టుక కథ మనం వినవలసినదే. 1969లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనాలయంలో కెన్ థాంప్సన్ అనే యువకుడు పనిచేసేవాడు. అంతకు ముందు మల్టిక్స్ అనే బ్రహ్మాండమైన ఏర్పాటుకోసం ఏళ్ళ తరబడి శ్రమపడి, అది తేలక వాళ్ళ సంస్థ దాన్ని వదిలేసింది. ఆ ఎండాకాలం థాంప్సన్‌గారి భార్య ఏడాది పిల్లవాణ్ణి తీసుకుని మూడు వారాలు కాలిఫోర్నియాలో చుట్టాల దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో సందడి లేదు. ఆయన ఆ మూడు వారాల్లో, వారానికొక ముఖ్యభాగం చొప్పున రాసి, ఒక మూల పడి ఉన్న పాత చిన్న మిషనుమీద యూనిక్సుకు ప్రాణం పోశాడు. మల్టిక్స్‌ను వెక్కిరిస్తున్నట్టు పెట్టిన పేరది. చంటిబిడ్డను ఎత్తుకుని ఆ ఇల్లాలు అంతదూరం వెళ్ళకపోతే ఏమయ్యేదో! లోకంలో ఎన్ని పెద్దపనుల వెనక ఇలాంటి మూడు వారాలు ఉన్నాయో అనిపించింది నాకు.

ఆయన స్నేహితుడు డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో సీ అనే భాషను తయారుచేశాడు. 1973లో యూనిక్సును ఆ భాషలో తిరగరాశారు. దాంతో అది ఒక్క మిషనుకే అంటుకుని ఉండకుండా, ఏ పొయ్యిమీదైనా వండుకోగల వంటకం అయింది. ఇద్దరికీ కలిపి 1983లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. కంప్యూటరు విద్యకు అది నోబెల్ లాంటిది. 1994లో ఆ బహుమతి అందుకున్నవారిలో మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారూ ఉన్నారని మా అమ్మాయికి గుర్తుచేశాను.

ఆ తర్వాత యూనిక్సు చాలా ఖరీదైపోయింది. లోపలి రాతను చూడనివ్వడమూ మానేశారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, అందరూ చదువుకోగల, దిద్దుకోగల, పంచుకోగల ఏర్పాటు కావాలని ఉద్యమం మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లండులో 21 ఏళ్ళ కాలేజీ కుర్రవాడు, లైనస్ టోర్వాల్డ్స్, తన గదిలో కూచుని ఒక గింజను రాసి లోకానికి పంచాడు. అదే లినక్సు. అచ్చంగా యూనిక్సు కాకపోయినా అదే బాణీ. ఈనాడు మన చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనుల్లో ఉన్నది ఆ గింజే. లోకంలోని అతి పెద్ద 500 సూపర్ కంప్యూటర్లలో 2017 నుంచీ నడుస్తున్నదీ అదే. అంటే యూనిక్సు రాదని ఏడ్చిన మా పిల్ల, దాని మనవణ్ణి కొంగున కట్టుకునే తిరుగుతోందన్నమాట!

ఇందులో ఆడవాళ్ళెవరూ లేరా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. ఉన్నారండీ. లోరిండా చెర్రీ అనే ఆవిడ ఆ బెల్ ల్యాబ్స్‌లోనే వీళ్ళ పక్కన కూచుని పనిచేసింది. "బీ సీ" అనే లెక్కల పనిముట్టు ఆవిడ రాసిందే. లెక్కల పుస్తకాల్లోని సూత్రాలను అందంగా అచ్చుకొట్టే పనిముట్టులోనూ ఆవిడ చెయ్యి ఉంది. యాభై ఏళ్ళ తర్వాత ఈనాటికీ లినక్సు వాడేవాళ్ళకు "బీ సీ" అందుబాటులో ఉంది. మా ఇంటి కిరాణా బిల్లు నేను కూడుకునేది దాంతోనే.

యూనిక్సు స్వభావం రెండు మాటల్లో చెబుతాను. మొదటిది, అది మితభాషి. చెప్పిన పని సరిగ్గా జరిగితే చాలాసార్లు మారు మాట్లాడదు. తప్పు జరిగితేనే నోరు విప్పుతుంది. కొత్త పిల్లలకు ఇదే భయం, "ఏమీ అనలేదే, పని జరిగిందా లేదా?" అని. మనకిది కొత్త కాదు గదా! కూర బాగుంటే మన మగవాళ్ళు తల వంచుకుని తిని లేస్తారు. ఉప్పు ఎక్కువైన రోజే మాట వినపడుతుంది.

రెండోది, చిన్న చిన్న పనిముట్లు. ఒక్కొక్కటి ఒక్కటే పని చేస్తుంది, శుభ్రంగా చేస్తుంది. ఒకటి ఏరుతుంది, ఒకటి వరుసలో పేరుస్తుంది, ఒకటి లెక్కపెడుతుంది. ఒకదానిలోంచి వచ్చింది ఇంకోదానిలోకి పోయేట్టు మధ్యలో నిలువుగీత ఒకటి పెడతారు. దాన్ని పైపు, అంటే గొట్టం అంటారు. మనం బియ్యాన్ని చాటలో చెరిగి, రాళ్ళు ఏరి, శేరుతో కొలిచినట్టే. అన్ని పనులూ చేసే ఒకే యంత్రం మన ఇళ్ళల్లో ఎప్పుడుంది? చాట చాటే, జల్లెడ జల్లెడే.

అమ్మాయి నాకు దీన్ని చూపించిన తీరు చెబుతాను. నా ఇంటిఖర్చు పుస్తకంలోని ఒక నెల పద్దులు వరుసగా కొట్టుకుంది. "గ్రెప్" అనే పనిముట్టుతో పాలు అన్న వరుసలు ఏరి, గొట్టంలోంచి "డబ్ల్యూ సీ" అనే పనిముట్టుకు పంపి ఎన్ని వరుసలో లెక్కపెట్టమంది. కన్ను మూసి తెరిచేలోగా 27 అని వచ్చింది. పాలాయన 30 రోజులకు డబ్బు తీసుకున్నాడు! మర్నాడు పొద్దున అడగాలని కాచుక్కూచున్నాను. అడిగే ముందు మరోసారి పుస్తకం తిరగేస్తే, మా ఆడపడుచు ఇంటికి వెళ్ళిన మూడు రోజులూ నేనే పద్దు రాయలేదు. ఇంట్లో వాళ్ళు పాలు పోయించుకున్నారు. అనవసరంగా ఒక మంచి మనిషిని అనబోయాను. యంత్రం రాసినదాన్ని లెక్కపెడుతుంది గాని రాయనిదాన్ని లెక్కపెట్టదు. ఈ ఒక్క సంగతి తెలుసుకున్నా కంప్యూటరు చదువులో సగం వచ్చినట్టే అని నా అభిప్రాయం.

ఇక మా ఇంట్లో జరిగిన పెద్ద పొరపాటు చెప్పాలి. చెప్పడానికి కష్టంగా ఉన్నా, మీకెవరికీ జరగకూడదని చెబుతున్నాను.

ఇంట్లో సాధన చెయ్యడానికి మిషను కావాలి. బెంగుళూరులో ఉన్న మా తమ్ముడు తను వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఒకటి అంతకుముందే మాకిచ్చాడు. తెరుచుకోవడానికే పావుగంట పట్టేది. బాగుచేసే షాపులో చూపిస్తే "ఇది పనికిరాదమ్మా, కొత్తది కొనండి" అన్నారు. కొత్తది కొనే తాహతు మాకెక్కడిది? పాత మిషన్లమీద లినక్సు తేలిగ్గా నడుస్తుందనీ, దానికి డబ్బు కట్టనక్కర్లేదనీ అమ్మాయి స్నేహితురాలు చెప్పింది. ఒక ఆదివారం ఇద్దరూ కూచుని పెన్ డ్రైవులోంచి ఎక్కించారు. మధ్యలో అది "డిస్కు అంతా తుడిచేసి వెయ్యమంటారా?" అని అడిగింది. వీళ్ళు సరేనని నొక్కారు. అరగంటలో కొత్త పెళ్ళికూతురిలా తయారైంది మిషను. అందరం సంతోషించాం.

రాత్రి పడుకోబోతూ మావారు అడిగారు, "అమ్మ ఫొటోలు అందులోనే ఉన్నాయి గదా?" అని.

మా అత్తగారు పోయి అప్పటికి ఏడాది. ఫోనులో జాగా లేదని ఆవిడ ఫొటోలన్నీ నేనే ఆ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోనులోంచి తీసేశాను. ఆవిడ చివరి ఉగాదికి వేపపువ్వు ఏరుతున్న ఫొటో, మనవరాలి జడ అల్లుతున్న ఫొటో, అన్నీ పోయాయి. అమ్మాయి ముఖం చూడలేకపోయాను. మావారు ఒక్క మాటా అనలేదు. లేచి వెళ్ళి వరండాలో కూచున్నారు. తర్వాత చుట్టాలందరినీ అడిగితే మా ఆడపడుచు ఫోనులో పదకొండు ఫొటోలు దొరికాయి. జడ అల్లుతున్నది దొరకలేదు.

తప్పు పిల్లది మాత్రమే కాదు. ఒక్కచోటే దాచిన నాది కూడా. అమ్మాయి ఇక కంప్యూటరు ముట్టుకోనంటే నేనే బలవంతాన కూచోబెట్టాను. "పాలు పొంగిపోయాయని పొయ్యి వెలిగించడం మానేస్తామా? ఈసారి దగ్గరుండి చూసుకుంటాం" అన్నాను. ఆనాటినుంచి మా ఇంట్లో ముఖ్యమైనదేదైనా రెండుచోట్ల ఉంటుంది.

కాలేజీ పిల్లలు ఎలా మొదలుపెట్టాలో, మా అమ్మాయి అనుభవంలోంచి ఏరి చెబుతాను. కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి.

మిషనులో ఉన్నది తుడిచేయకుండానే లినక్సును రుచి చూడొచ్చు. పెన్ డ్రైవులోంచే నడిపి చూసి, తీసేస్తే పాతది పాతట్టే ఉంటుంది. ఎక్కించేటప్పుడు మాత్రం "డిస్కులో వెయ్యి" అన్న దాని జోలికి పోకూడదు. విండోసు ఉన్న మిషనులో దాని లోపలే లినక్సు నడుపుకునే వీలు ఇప్పుడుంది. అసలు కంప్యూటరే లేని పిల్లలు ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ పెట్టుకుని మొదటి పాఠాలన్నీ నేర్చుకోవచ్చు. అంటే పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు.

మొదటి వారం పది మాటలు చాలు. "పీ డబ్ల్యూ డీ" అంటే రోడ్లు వేసే ఆఫీసు కాదు, "నేనిప్పుడు ఎక్కడున్నాను?" అని అడగడం. "ఎల్ ఎస్" అంటే ఈ గదిలో ఏమేమున్నాయో చూపించమనడం. "సీ డీ" అంటే ఇంకో గదిలోకి వెళ్ళడం. "ఎం కె డి ఐ ఆర్" కొత్త గది కట్టడం. "సీ పీ" నకలు తీయడం, "ఎం వీ" చోటు మార్చడం, "క్యాట్" అంటే పిల్లి కాదు, ఫైలులో ఉన్నది తెరమీద పరచడం. అన్నిటికంటే గొప్పది "మ్యాన్". ఏ మాటకు అర్థం తెలియకపోయినా మ్యాన్ అని రాసి ఆ మాట పెడితే, ఇంట్లో పెద్దమనిషిలా దాని వివరమంతా చెబుతుంది. ఇంగ్లీషు కాస్త గట్టిగా ఉంటుంది. నిఘంటువు పక్కన పెట్టుకుంటే రెండు నెలల్లో అలవాటైపోతుంది.

"ఆర్ ఎం" అనే మాటతో మాత్రం జాగ్రత్త. అది తుడిచేస్తుంది. చెత్తబుట్టలో వేసి తర్వాత తీసుకునే అవకాశం ఇవ్వదు. అలాగే "రూట్" అని ఒకరుంటారు. ఇంటి తాళాల గుత్తి అంతా ఆ పేరుమీదే ఉంటుంది. అవసరమున్నప్పుడు గుత్తి తీసుకుని, పని కాగానే వదిలెయ్యాలి. రోజంతా నడుముకు కట్టుకుని తిరగకూడదు. ప్రతి ఫైలుకూ తాళాలుంటాయి. తనకు, తన జట్టువాళ్ళకు, పరాయివాళ్ళకు. చదవడం, రాయడం, నడపడం అని మూడు అనుమతులు. ఇది ఒక్కసారి బుర్రకెక్కితే చాలా గొడవలు తగ్గుతాయి.

పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. మధ్యలో ఖాళీ ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకొకటి. "కమాండ్ నాట్ ఫౌండ్" అని వస్తే కొంప మునిగినట్టు కాదు. చాలావరకు అక్షరం తప్పు పడిందనే. ముందు తప్పును నిదానంగా చదవాలి. మా అమ్మాయి ఒక పాత నోటుపుస్తకంలో ఎడమపక్క తను కొట్టింది, కుడిపక్క వచ్చిన తప్పు, కింద దిద్దుబాటు రాసుకుంది. ఆ పుస్తకం ఇప్పుడు దాని జూనియర్ల దగ్గర తిరుగుతోంది. అందులో మొదటి పేజీ ఏమిటనుకున్నారు? "వీ ఐ లోంచి బయటపడడం. ఎస్కేప్ నొక్కి, కోలను, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్." దాచుకోకుండా వదిలేసి రావాలంటే అది. దాచుకుని రావాలంటే కోలను తర్వాత డబ్ల్యూ, క్యూ.

చేతులు తిరిగాక సీ భాషలో చిన్న ప్రోగ్రాములు రాసి అక్కడే నడిపించడం, రోజూ చేసే పనులు నాలుగింటిని ఒక ఫైలులో రాసి ఒక్క మాటతో జరిపించడం నేర్చుకోవాలి. మా అమ్మాయి మొట్టమొదట రాసుకున్నది ఏమిటంటారా? ఇంటి ఫొటోలను రోజూ ఇంకోచోటికి నకలు తీసే నాలుగు వరుసలు.

తెలుగులో చెప్పేవాళ్ళు లేరని అధైర్యపడనక్కర్లేదు. ఐ.ఐ.టి. బొంబాయివారు స్పోకెన్ ట్యుటోరియల్ అనే పేరుతో లినక్సు, సీ మొదలైన వాటిమీద చిన్న చిన్న పాఠాలు ఉచితంగా పెట్టారు. వాటిని మన భాషల్లోకి కూడా తెస్తున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి ఈ పంచుకునే సాఫ్ట్‌వేరుకోసం పనిచేస్తూ, తెలుగులో కనిపించే లినక్సును తయారుచేసింది. ఇంజనీరింగు పిల్లలు అందులో చేరి పనిచేస్తూ నేర్చుకున్నారు.

ఇక తల్లులుగా మనం చెయ్యగలిగింది ఏమిటి? యూనిక్సు నేర్పలేం. కాని రోజుకు ముప్పావు గంట, "నీళ్ళొచ్చాయి బిందె పెట్టు, పాలు చూడు" అని పిలవకుండా కూచోనివ్వగలం. ఆడపిల్లకు ఈ ముప్పావు గంట ఎంత కరువో మనకే తెలుసు. ఎందుకంటే మనకది దొరకలేదు. "దీంతో ఉద్యోగం వస్తుందా?" అని వారానికోసారి అడగడం మానగలం. ఇదొక్కటే వస్తే ఉద్యోగం వస్తుందని నేను చెప్పలేను. రాకపోతే చాలాచోట్ల ఇబ్బంది పడతారని మాత్రం అమ్మాయి ద్వారా తెలుసుకున్నాను. "నాకు చెప్పవే" అని పక్కన కూచోగలం. మనకు చెప్పడానికి తడబడినచోటే వాళ్ళకు అర్థం కాలేదని వాళ్ళకే తెలుస్తుంది.

మా అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరం. అన్నీ వచ్చేశాయని కాదు. మొన్న కూడా ఏదో నడవడం లేదని రాత్రి రెండింటిదాకా కూచుంది. కాని "మానేస్తా" అన్న మాట మళ్ళీ వినలేదు. ఈ ప్రసంగాన్ని నేను ఆ పాత ల్యాప్‌టాప్‌మీదే, తెలుగులో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. రెండుచోట్ల దాచాను కూడా.

మీరు యూనిక్సు నేర్చుకున్నా నేర్చుకోకపోయినా ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫొటోలు ఒక్క ఫోనులోనే ఉంటే, ఈ సాయంత్రమే పిల్లలను పిలిచి ఇంకోచోటికి నకలు తీయించండి. రేపటికి వాయిదా వెయ్యకండి.

సెలవు.